చవక గంట

ఫోను బీరువా మీదికి ఎక్కింది.

తీగ దాని చుట్టూనే చుట్టి, పైన పాత తువ్వాలు కప్పి ఉంది. జ్వరం వచ్చిన పిల్లను పడుకోబెట్టినట్టుందని పిచ్చుకకు అనిపించింది. ముందుగదిలో పడక్కుర్చీ పక్కన స్టూలు మాత్రం ఎప్పటి చోటే ఉంది. ఇన్నాళ్ళూ ఫోను కూర్చున్న మేర దాని రంగు ఇంకా కొత్తగా ఉంది.

ఇంట్లో ఎవరూ బీరువా వంక చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అందరూ నానా తంటాలు పడుతున్నారు.

"ఆ స్టూలైనా లోపల పెట్టండి. కాళ్ళకు అడ్డం," అంది తల్లి.

"ఉండనీ," అన్నాడు తండ్రి, చేతిలో పేపరు దించకుండా.

"ఉండి ఏం చెయ్యాలి?"

తండ్రి పేపరు తిరగేశాడు.

గోడ వార మంచం మీద నానమ్మ కాళ్ళు చాపుకుంది. "నిన్న మధ్యాహ్నం నుంచి ఈ కొంపలో నోరు విప్పుతున్నది వంటింట్లో కొళాయి ఒక్కటే. దాన్నీ బిగించేస్తే పీడా పోతుంది."

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నానురా. నేను మొదలెడితే ఆ పేపరు నీ చేతిలో ఉంటుందా?"

చెప్పులు వేసుకుంటున్న పిచ్చుక ఆగిపోయింది. గొంతు సన్నమని చిన్నప్పుడు అన్నయ్య తగిలించిన పేరే ఆమెకు ఇంట్లో స్థిరపడింది. ఏళ్ళ కిందట ఊరు విడిచిపోయిన ఆ అన్నయ్య నిన్న మధ్యాహ్నం ఇంటికి ఫోను చేశాడు. ఎత్తింది తండ్రి. అదీ గొడవ.

తల్లి గడప దాకా వచ్చింది. సంచీ అందిస్తున్నట్టు వంగి, పెదవులు కదిలీ కదలకుండా అంది.

"సాయంత్రం నీతో మాట్లాడాలి. ఇదంతా నువ్వు చేసిందే."

ఆ మాటను పిచ్చుక దారి పొడుగునా మోసుకుంటూ వెళ్ళింది. అబద్ధమైతే వీధి చివర దించేసి ఉండేది.

*

టెలిఫోను కంపెనీలో పిచ్చుక పనిచేసే గదికి కిటికీలు లేవు. అయినా ఊళ్ళో వాళ్ళు ఫోనులో మాట్లాడుకున్న ప్రతి మాటా, ముగిశాక, ఒక రికార్డై ఆ గదికే వస్తుంది. ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది. ఏం మాట్లాడుకున్నారో ఉండదు.

అక్కడి సాఫ్ట్‌వేరు ఒక్కో రికార్డునూ నిలబెట్టి అడుగుతుంది. దగ్గరా, దూరమా? పనిరోజా, సెలవా? ఏ వేళ? జవాబులను బట్టి ధర కడుతుంది. ఆ ప్రశ్నలు రాసేదీ, వాటి వరుస మార్చేదీ పిచ్చుక.

"పాత సాఫ్ట్‌వేరు ఇనుమమ్మా. ఒక్క ధర మార్చాలంటే నెలలు కొట్టేవాళ్ళం," అనేవాడు సెక్షన్ పెద్దాయన. ధరలు తప్ప మరో ముచ్చట లేదని ఆయన్ను అందరూ టారిఫ్ సారు అంటారు. "ఇది రబ్బరు. వీధికో వేళ, మనిషికో ధర పెట్టమన్నా పెడుతుంది. ఎటు లాగితే అటు సాగుతుంది. మన చెయ్యే కాస్త నిదానంగా ఉండాలి."

ఎన్నో ఏళ్ళుగా చవక గంట సాయంత్రం ఉండేది. దీపాలు పెట్టే వేళకు దూరపు ఊళ్ళకూ, అక్కడి నుంచీ ఫోను చౌకయ్యేది. ఊరంతా అప్పుడే ఫోను ఎత్తడంతో లైన్లు కిక్కిరిసి సగం మందికి దొరికేవి కావు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లైన్లు ఖాళీగా పడి ఉంటాయని పిచ్చుకే కనిపెట్టింది. ఆమె మాట మీదే, ముందు పరీక్షగా, చవక గంట మధ్యాహ్నానికి జరిగింది.

ఆ సంగతి ఇంట్లో భోజనాల దగ్గర చెప్పిన రోజు తండ్రి ముఖం వెలిగింది. ఆయన మిల్లు గేటులో కూర్చుని, పనికి వచ్చేవాళ్ళ వేళ రాసే టైమ్‌కీపరుగా చేసి దిగిపోయిన మనిషి. "గేటు గడియారం కాస్త ముందుకు జరపాలంటే నాకు మేనేజరు సంతకం కావాల్సొచ్చేది. నా కూతురు ఊరి గంటే జరిపింది," అని నానమ్మకు అదే పనిగా చెప్పాడు.

తల్లి మాత్రం కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకో పిచ్చుకకు నిన్న తెలిసింది. సాయంత్రం తండ్రి నడకకు వెళ్ళే వేళా, పాత చవక గంటా ఒకటే. ఇన్నేళ్ళూ అన్నయ్య ఫోను చేస్తున్నది ఆ వేళలోనే.

"నీ పరీక్ష పండిందమ్మాయ్," అన్నాడు టారిఫ్ సారు పక్కన కుర్చీ లాక్కుని. "సాయంత్రం లైన్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాయి. రేపటితో గడువు ఆఖరు. మధ్యాహ్నమే ఉంచాలా, మళ్ళీ సాయంత్రానికి తిప్పాలా, నీ అభిప్రాయం రాసివ్వు. పైవాళ్ళు నువ్వెలా అంటే అలా అనేటట్టున్నారు."

"రేపిస్తాను సార్."

"ఇప్పుడే ఇవ్వచ్చుగా. ఇదేమన్నా సంబంధమా, ఇంటికెళ్ళి ఆలోచించి చెప్పడానికి?"

పిచ్చుక నవ్వబోయి ఊరుకుంది. ఇంటికెళ్ళి ఆలోచించాల్సిన సంగతే అది.

ఆయన లేచి వెళ్ళాక బల్ల మీద ఫోను మోగింది.

"బిల్లింగ్ సెక్షన్," అంది.

అవతల ఎవరో మెల్లగా అన్నారు. "ఇంకా అదే గొంతు. పెరగలేదే నువ్వు."

పిచ్చుక రెండు చేతులతో రిసీవరు పట్టుకుంది.

"అన్నయ్యా."

"ఇంటికి చేస్తే మోగట్లేదు. అమ్మ బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నాన్న ఫోను పీకి బీరువా మీద పెట్టారు."

"నయం. పగలగొట్టలేదు."

ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

"మధ్యాహ్నం ఎందుకు చేశావు అన్నయ్యా? నాన్న కుర్చీలో ఉండే వేళని తెలియదా?"

"తెలుసు కాబట్టే చేశాను."

"అదేంటి?"

"గంట మార్చింది నువ్వేగా? కంపెనీలో నీ చెయ్యి పడితే గానీ రేటు మారదని అమ్మ ఎప్పుడూ గొప్పలు పోయేది. ఇన్నేళ్ళూ ఆయన నడకకు పోయే గంట. ఉన్నట్టుండి ఆయన ఇంట్లో ఉండే గంటైంది. నేనేమనుకోవాలి? ఆయనకు తెలిసిపోయింది, మెత్తబడ్డాడు, నోరు తెరిచి పిలవలేక నీ చేత ఇలా పిలిపించాడనుకున్నా."

"అది ఊరందరికీ వర్తించే మార్పు అన్నయ్యా. అందరికీ ఒకటే మెసేజి వెళ్ళింది."

"మన ఇంట్లో ఎవరు ఎప్పుడు సూటిగా చెప్పి చచ్చారే? ఆకలైతే నాన్న గిన్నె మూత తీసి చూసేవాడు. కోపమొస్తే అమ్మ బదులు తలుపులు మాట్లాడేవి. అలాంటి ఇంట్లో గంట మారితే కబురనుకోనా?"

అతను చెప్పింది ఎంత పొరపాటో, అంత సరిగ్గా ఉంది.

"నాన్న ఏమన్నారు?"

"భోంచేశారా నాన్నా, అన్నాను. ఏమీ అనలేదు. వెంటనే పెట్టెయ్యనూ లేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది. నేను ఇంకో మాట అనేలోపు పెట్టేశాడు."

"ఎంతసేపు ఉన్నారు?"

"అదేం ప్రశ్నే? నువ్వూ గేటు దగ్గర కూర్చున్నావా, టైము రాయడానికి?"

ఆ దెబ్బ ఎవరికి తగలాలో వాళ్ళకు కాక పిచ్చుకకు తగిలింది. అతనికీ తెలిసినట్టుంది. గొంతు తగ్గించాడు.

"సరేలే. ఇక చెయ్యను, అమ్మతో చెప్పు. సాయంత్రం చేద్దామంటే మామూలు రేటు నావల్ల కాదు, పలకరించేలోపు పెట్టెయ్యాలి. మధ్యాహ్నం చేస్తే ఆయన. నాకోసం ఆవిడ మాటలు పడటం ఎందుకు?"

"అన్నయ్యా, ఆగు."

ఆగలేదు.

ఆ కాల్ రికార్డు ఇంకాసేపట్లో ఈ గదికే వస్తుంది. నిన్నటిదీ వచ్చే ఉంటుంది. తండ్రి ఊపిరి వినిపించిన ఆ కాసేపటికి కూడా సాఫ్ట్‌వేరు ధర కట్టే ఉంటుంది. ఎత్తిన ఫోనులో మాటకూ మౌనానికీ తేడా పెట్టే రూలు పిచ్చుక ఎప్పుడూ రాయలేదు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తండ్రి చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. వాన పడినా మానని నడక ఆయనది.

తల్లి ఆమెను వంటింట్లోకి లాక్కుపోయి కొళాయి తిప్పింది, నీళ్ళ చప్పుడులో మాట కలిసిపోతుందని.

"అన్నయ్య ఫోను చేశాడు, ఆఫీసుకి," అంది పిచ్చుక.

తల్లి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "ఏమన్నాడు?"

"ఇక చెయ్యనన్నాడు."

తల్లి గిన్నె తోమడం మొదలుపెట్టింది. తోమిందే తోమింది.

"వాడి ఫోనుకు సాయంత్రమే ఉంచు," అంది చివరికి. "ఊరికంతా మధ్యాహ్నం పెట్టుకోండి, నాకెందుకు? వాడి ఒక్కడికీ పాత వేళ ఉంచు. మనిషికో రకంగా పెట్టచ్చని నువ్వే అన్నావు కదా?"

"పెట్టచ్చు. కానీ అలా చెయ్యకూడదమ్మా."

"ఎందుకు చెయ్యకూడదు? ఎవరి నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాం?"

"అలా అడిగితే ప్రతి ఇంటికీ ఒక అన్నయ్య ఉంటాడు."

అనేశాక పిచ్చుక ఉలిక్కిపడింది. ఆ మాట తనది కాదు.

చాలా ఏళ్ళ కిందట అన్నయ్య కూడా, తండ్రి పనిచేసే మిల్లులోనే పనికి కుదిరాడు. అక్కడ మూడోసారి ఆలస్యమైతే పని పోతుంది. మూడోసారి అతను పరుగున వచ్చేసరికి గేటు మూస్తున్నారు. గేటులో కూర్చున్నది తండ్రి. కొంచెమే ఆలస్యం, కలం ఆపితే సరిపోయేది. ఆయన ఆపలేదు. నా కొడుకని వదిలేస్తే, గేటు బయట నిలబడ్డ ప్రతివాడూ ఎవరో ఒకరి కొడుకే కదా, అన్నాడట. మీకు కొడుకెందుకు, గోడ గడియారం చాలు, అని అందరి ముందూ అనేసి అన్నయ్య అటునుంచి అటే ఊరు విడిచిపోయాడు.

తల్లికి కూడా అదే గుర్తొచ్చినట్టుంది. కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆయన పోలికే. ముక్కు ఒక్కటే నాది వచ్చింది."

"నాకు మాత్రం మార్చాలని లేదనుకున్నావా?"

"అయితే ఊరికంతా తిప్పెయ్. రేపు రాసివ్వాలన్నావుగా? సాయంత్రమే మంచిదని రాసెయ్. అది ఒక్కడి కోసం కాదుగా, అందరికీ."

పిచ్చుక పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. సాయంత్రమని రాస్తే ఎవరూ తప్పు పట్టరు, కారణాలు కూడా దొరుకుతాయి. అవి కారణాలు కావని ఒక్కదానికే తెలుస్తుంది.

"అత్తయ్యకు తెలిస్తే ఇంకో గోల," అంది తల్లి ముక్కు తుడుచుకుంటూ.

"తెలియకపోవడానికి నాకు ముక్కు లేదటే?" గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది. "ఇంట్లో కూర మాడిన ప్రతి సాయంత్రం నువ్వు వాడితో మాట్లాడిన సాయంత్రమే. ఇన్నేళ్ళ మాడుకూర నోరు మూసుకుని తిన్నాను. నా కొడుకూ తిన్నాడు."

తల్లి తెల్లబోయింది. "ఆయనకు..."

"వాడికి తెలుసో తెలియదో వాడినడుగు. ఆ కొళాయి కట్టు ముందు. గోడకు చెవులుంటాయి గానీ, మాటలు ఆపడానికి నీళ్ళ చప్పుడు తలుపు కాదు."

*

పిచ్చుక ముందుగదిలోకి టీ తీసుకెళ్ళింది. తండ్రి పడక్కుర్చీలో లేడు. కిటికీ దగ్గర నిలబడి, తాను నడవాల్సిన వీధిని చూస్తున్నాడు.

"ఆ గంట మార్చింది నువ్వేనా?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"నేనే నాన్నా. మీకు చెప్పాను కదా."

"చెప్పావు. ఎందుకు మార్చావు?"

"సాయంత్రం లైన్లు నిండిపోతున్నాయి. మధ్యాహ్నం ఖాళీగా ఉంటున్నాయి."

"అంతేనా?"

"అంతే."

"మీ అమ్మ అడిగిందని కాదు కదా?"

"లేదు నాన్నా."

"వాడు అడిగాడని?"

"ఇవాళ్టిదాకా అన్నయ్యతో నేను మాట్లాడనేలేదు."

తండ్రి టీ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. "అంటే, ఊరందరి కోసమే."

"ఊరందరి కోసమే."

"మంచిది. అలాగే ఉండాలి." మంచిదని నోరు అంది గానీ ముఖం అనలేదు. గాలి తీసిన బంతిలా కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటికి పిచ్చుకకు ఏదో అర్థమవుతున్నట్టయింది. కబురనుకున్నది అన్నయ్య ఒక్కడేనా?

"కావాలంటే మార్చచ్చు నాన్నా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒక్క నంబరుకు కూడా వేరే వేళ పెట్టచ్చు. ఎవరికీ తెలియదు."

"మారుస్తావా?"

"మీరైతే మార్చేవారా?"

ఈ ఇంట్లో ఆ గేటు మాట ఇన్నేళ్ళూ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. కానీ గేటు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

మంచం మీద నానమ్మ కూడా దగ్గు ఆపుకుంది.

తండ్రి గ్లాసు స్టూలు మీద పెట్టాడు. ఫోను ఉండే చోట. పెట్టాక చూసుకుని, మళ్ళీ తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"టీ చల్లారింది," అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పిచ్చుక బయల్దేరేటప్పుడు కూడా ఫోను బీరువా మీదే ఉంది. తువ్వాలు మాత్రం లేదు.

ఆఫీసులో తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం అని రాస్తే అమ్మ ముఖం. సాయంత్రం అని రాస్తే అద్దంలో తన ముఖం. అన్నం డబ్బా మూత తెరిచి మళ్ళీ మూసేసింది.

భోజనాల వేళ దాటింది. చవక గంట మొదలైంది. గదిలో అందరూ కునికిపాట్లు పడుతున్నారు. తెర మీద మాత్రం ముగిసిన కాల్స్ ఒకదాని కింద ఒకటి చేరుతున్నాయి. పిచ్చుక బల్ల మీద ఫోను మోగింది.

"బిల్లింగ్ సెక్షన్."

"నేనే," అన్నాడు తండ్రి.

ఆయన ఆఫీసుకు ఎప్పుడూ ఫోను చేసి ఎరగడు. "నాన్నా, ఏమైంది? నానమ్మ బాగుందా?"

"ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది. ఫోను పనిచేస్తోందో లేదో చూద్దామని చేశాను. తీగ చుట్టి పెడితే పాడవుతుందంటారు."

"బాగానే వినిపిస్తోంది నాన్నా."

"ఊఁ."

పిచ్చుక ఆగింది. అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. అన్నయ్య విన్నది ఇదే అయ్యుంటుంది. పెట్టెయ్యడానికి ముందు ఊపిరి ఇలా ఉండదని, ఏదో అనడానికి ముందు ఇలా ఉంటుందని ఆమెకనిపించింది.

"ఒక సంగతి," అన్నాడు. "ఆ చవక గంట ఉంది చూడు. అవతలివాళ్ళు చేస్తేనే చవకా? ఇటు నుంచి చేసినా చవకేనా?"

పిచ్చుక కళ్ళు మూసుకుంది. రోజూ ఎంతోమంది అడిగే ప్రశ్న అది. దానికి జవాబు ఆమె నిద్రలో కూడా చెప్పగలదు.

"ఎటు నుంచి చేసినా ఒకటే నాన్నా."

"ఒకటేనా."

"ఒకటే. మొదట ఎవరు చేస్తే వాళ్ళకి."

అవతల నానమ్మ గొంతు దూరం నుంచి వినిపించింది. "నంబరు కోడల్ని అడగరా. నోరేమీ అరిగిపోదు."

తండ్రి గబగబా అడిగాడు. "రేపు కూడా ఉంటుందా ఇది? తిప్పేస్తున్నావా?"

పిచ్చుక తెల్లకాగితం వంక చూసింది. "ఇంకా రాయలేదు నాన్నా."

"నా మాట కోసం ఆగకు. నీకేది సరి అనిపిస్తే అది రాయి." కాస్త ఆగి అన్నాడు. "మధ్యాహ్నమైతే నేను ఇంట్లోనే ఉంటాను. అది చెబుతున్నానంతే."

ఫోను పెట్టేశాడు.

పిచ్చుక రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుంది. అన్నయ్యకు చెప్పాలా? ఇక చెయ్యనన్నవాడు, అవతల మోగితే ఎత్తుతాడా? అసలు నాన్న చేస్తారా, లేక ఫోను మళ్ళీ బీరువా ఎక్కుతుందా? ఉండబట్టలేక ఇంటి నంబరు తిప్పింది.

ఎంగేజ్.

కాసేపాగి మళ్ళీ తిప్పింది. ఎంగేజ్. మాట్లాడుతున్నా అదే చప్పుడు. రిసీవరు సరిగ్గా పెట్టకుండా వెళ్ళిపోయినా అదే చప్పుడు.

"ఏమ్మాయ్, రాశావా?" టారిఫ్ సారు ఆవులిస్తూ వచ్చి నిలబడ్డాడు. "పైనుంచి అడుగుతున్నారు."

"ఇంకొంచెం ఆగండి సార్."

"ఎవరి కోసం?"

పిచ్చుక తెర వంక చూసింది. ఊళ్ళోవాళ్ళ కాల్స్ ముగిసి, ధర పలికి, వరుసగా కిందికి దిగుతున్నాయి. మాట నడుస్తున్నంతసేపూ ఈ గదికి ఏమీ తెలియదు. ముగిశాకే తెలుస్తుంది.

నాన్న తనతో మాట్లాడిన కాల్ తర్వాత ఇంటి నంబరు ఆ వరుసలో ఇంకా మళ్ళీ రాలేదు. అది అప్పుడే రాకూడదని కోరుకుంటూ, కలం మూత తీసి, ఆమె అలాగే కూర్చుంది.